అడుగు చూడకుండా కప్పు కొనకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, పాండురంగాపురం. నాకు 38 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. నాన్నగారు పోయాక అటక మీది సామాను దించుతుంటే పాత చీరలో చుట్టిన పింగాణీ కప్పు, సాసరు దొరికాయి. కప్పు అంచుకు బంగారు గీత, కింద నీలి అక్షరాల్లో ‘హాస్టల్ డే – 1974’ అని ఉంది. ఆయన చదువుకున్న కళాశాలదే. అప్పటి నుంచి కళాశాల ఉత్సవాల్లో ఇచ్చిన పాత పింగాణీ జ్ఞాపికలు ఎక్కడ కనిపించినా కొంటున్నాను. కప్పులు, గోడకు తగిలించే పళ్లాలు, పెన్నుల స్టాండ్లు, చివరికి యాష్‌ట్రేలు కూడా. రెండేళ్లలో 41 అయ్యాయి. ఇప్పుడు ఒకాయన 1968 నాటి వార్షికోత్సవపు మగ్గు ఉంది, 3,500 రూపాయలకు ఇస్తానంటున్నారు. ఫోటోలు జతచేస్తున్నాను. తీసుకోవచ్చా? ఇంకో బాధ. నాన్నగారి కప్పు మాసిపోయి ఉందని మా అత్తగారు చింతపండు పెట్టి తోమారు, బంగారు గీత సగం పోయింది. మళ్లీ వేయించవచ్చా? సాసరుకు సన్నని నెర్రె ఉంది, అతికించాలా? మా ఫ్లాటు సముద్రానికి ఎదురుగానే ఉంది, వీటిని ఎలా దాచాలి? ‘ఈ పెంకులన్నీ ఎందుకు?’ అని మావారు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోతున్నాను. – ఎస్.

సమాధానం: ముందు ఆ 1968 మగ్గు సంగతి తేల్చేద్దాం. కొనకండి.

మీరు పంపిన ఫోటోల్లో మూడోదాన్ని పెద్దది చేసి చూడండి. కళాశాల పేరు కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు, దాని పక్కన ఆరంకెల పిన్ కోడు ఉన్నాయి. మన దేశంలో పిన్ కోడు మొదలైంది 1972 ఆగస్టు 15న. నాలుగేళ్ల తర్వాత రాబోయే అంకెను 1968లోనే మగ్గు మీద వేశాడంటే, వేసినవాడికి జ్యోతిషం వచ్చి ఉండాలి.

అలాగని అమ్మే ఆయనను మోసగాడు అనేయకండి. నా అనుమానం వేరు. 1968లో చదువు ముగించినవాళ్లు నలభై ఏళ్లకో యాభై ఏళ్లకో అందరూ కలుసుకుని, ఆ గుర్తుగా మగ్గులు చేయించుకుని ఉంటారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో ఇది మామూలే. మగ్గు మీద వేసేది సమ్మేళనం జరిగిన ఏడాది కాదు, వాళ్ల బ్యాచి ఏడాది. ఆ మగ్గు చేతులు మారి పాత సామాన్ల కొట్టుకు వచ్చేసరికి, మీద కనిపించే 1968 దాని పుట్టిన సంవత్సరం అయిపోతుంది. అమ్మేవాళ్లు కూడా నిజంగానే అలా నమ్ముతారు. సమ్మేళనపు మగ్గుగా అది మీకు ముచ్చటగా ఉంటే నూటయాభైకో రెండు వందలకో అడగండి. ఆ మాట పిన్ కోడు చూపించి మర్యాదగా చెప్పండి. ఆయన మరో నాలుగు పాతవి చూపించే అవకాశం ఉంది, ఆ దారి ఎందుకు మూసుకోవాలి?

పిన్ కోడు లేకపోయినా ఆ మగ్గు నాకు నచ్చేది కాదు. నిటారుగా గొట్టంలా ఉన్న ఆకారం, కళాశాల భవనం ఫోటో ఉన్నదున్నట్టు, ఆకాశంలో మబ్బులతో సహా. పుట్టినరోజులకు ఫోటో స్టూడియోల్లో చేసిచ్చే మగ్గులు ఇలాగే ఉంటాయి. తెల్ల మగ్గు మీద ముందే పలుచని పాలిమర్ పూత ఉంటుంది. కాగితం మీద అచ్చు వేసిన బొమ్మను దానికి చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడి దగ్గర కొన్ని నిమిషాలు నొక్కి ఉంచితే రంగు ఆవిరై ఆ పూతలోకి ఇంకిపోతుంది. పాత పద్ధతి ఇది కాదు. పింగాణీ రంగులతో అచ్చు వేసిన డెకాల్‌ను, అంటే అంటించే బొమ్మ కాగితాన్ని, నీళ్లలో నానబెట్టి, తయారైన కప్పు మీద అంటించి, మళ్లీ బట్టీలో పెట్టి సుమారు 750 నుంచి 850 డిగ్రీల వేడిలో కాల్చేవారు. రెండింటి తేడా మీ వేలికే తెలుస్తుంది. కళ్లు మూసుకుని బొమ్మ అంచు మీద గోరు నెమ్మదిగా జరపండి. పాత అచ్చయితే అక్షరం మొదలైన చోట సన్నని మెట్టు తగులుతుంది. కొత్తదైతే నున్నగా జారిపోతుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే పాతదాని మీద అక్షరాల మెరుపు ఒకలా, చుట్టూ ఉన్న తెలుపు మెరుపు ఇంకోలా కనిపిస్తాయి.

నేను రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి వస్తువును తిరగేసి చూడనిదే నాకు తోచదు. మీరు పంపిన పదకొండు ఫోటోల్లో ఒక్కటి కూడా అడుగు వైపు తీసినది లేదు! పింగాణీకి జాతకం అడుగునే రాసి ఉంటుందమ్మా.

నా దగ్గరున్న ఒక కప్పు గురించి చెబుతాను, దాన్నిబట్టి మీవి చూసుకోండి. ఒక కళాశాల నాటక పోటీల్లో ఇచ్చిన రెండో బహుమతి అది. తిరగేస్తే అడుగున గుండ్రటి అంచు, ఆ అంచు మీద మాత్రం మెరుపు పూత లేదు. అరవై ఏళ్లుగా బల్లల మీద రాసుకుని రాసుకుని ఆ అంచు లేత గోధుమ రంగుకు తిరిగింది, వేలితో రాస్తే పట్టులా ఉంటుంది. నకిలీ చేసేవాళ్లు టీ డికాక్షనుతో ఆ రంగు తెప్పించగలరు గానీ ఆ నునుపు తేలేరు. మధ్యలో ఆకుపచ్చ రంగులో తయారీదారు ముద్ర, సగం చెదిరిపోయింది. ఇక పైన బంగారు గీత. కప్పును తిరిగే పీట మీద పెట్టి, కుంచెను కదలకుండా పట్టుకుని వేసిన గీత అది. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. నా కప్పు మీద పిడికి ఎడమ పక్కన కుంచె కొంచెం ముందుకు పోయింది, అక్కడ గీత రెండింతలు దళసరిగా ఉంది. వేసిన మనిషికి ఆ క్షణంలో తుమ్ము వచ్చిందేమో అనుకుంటాను. భూతద్దంతో చూస్తే ఇలాంటి కలయిక మీ నాన్నగారి కప్పు మీదా ఎక్కడో కనిపిస్తుంది, మీ అత్తగారు తోమింది ఆ సగాన్నే కాకపోతే.

కొన్ని పళ్లాల అడుగున ముక్కోణంగా మూడు చిన్న చుక్కల మచ్చలు ఉంటాయి. లోపం అనుకుని బేరం తగ్గించకండి. అంతా పూత పూసిన పళ్లెం బట్టీలో కింది గచ్చుకు అతుక్కోకుండా మూడు ముక్కుల ఆసరా మీద నిలబెట్టి కాలుస్తారు, ఆ ముక్కుల గుర్తులు అవి.

ముద్ర గురించి ఒక మాట. ‘బెంగాల్ పాటరీస్’ అనో, ‘హిత్కారీ’ అనో, ‘ఖుర్జా’ అనో కనిపిస్తే అది తెల్ల కప్పు ఎక్కడ తయారైందో మాత్రమే చెబుతుంది. కలకత్తా నుంచో, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచో తెల్ల సరుకు టోకుగా తెప్పించుకుని, కళాశాల పేరు వేరేచోట వేయించడం మామూలు. కాబట్టి ముద్రనుబట్టి కప్పు వయసు కొంత ఊహించవచ్చు గానీ, ఉత్సవం ఏడాది తేలదు. దుకాణంలో నాలుగేళ్లు పడున్న కప్పు మీద కూడా పేరు వేయించి ఉండవచ్చు.

అసలు కాల్చకుండానే పేరు రాయించినవీ ఉన్నాయి. డబ్బులు తక్కువ, ఉత్సవం రేపు. విద్యార్థి సంఘం కార్యదర్శి సైకిలెక్కి సైన్‌బోర్డులు రాసే కళాకారుడి దగ్గరకు పరుగెత్తుతాడు. ఆయన దుకాణాల బోర్డులకు వాడే ఎనామెల్ రంగుతోనే, అదే ఒంపుతో ‘ప్రథమ బహుమతి’ అని రాసిచ్చేవాడు. వీటిని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ‘ప్ర’ కింద రావత్తు ఎంత దర్జాగా సాగుతుందో చూడండి, ఏ ఫ్యాక్టరీ అచ్చులోనూ ఆ రాజసం ఉండదు. కానీ ఇవి ఒక్క స్నానానికి కూడా తట్టుకోవు. నానబెట్టారా, అక్షరాలు పొరలు పొరలుగా నీళ్లలో తేలుతాయి. గోళ్లరంగు తుడిచే ద్రవంతో పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. కాల్చిన రంగుకు దానివల్ల ఏమీ కాదు, నిజమే. కాల్చనిదైతే మీ అనుమానం తీరుతుంది, అక్షరమూ పోతుంది. అలాంటివాటిని మెత్తని పొడి కుంచెతో దులపండి, అంతే.

సంవత్సరం వేయనివాటికి వయసు కట్టడం మన ఊళ్లో అంత కష్టం కాదు, ఊరే సాయం చేస్తుంది. చిరునామాలో వాల్తేరు అని ఉందా, విశాఖపట్నం అని ఉందా చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో ఇక్కడికి వచ్చింది. చాలాకాలం దాని చిరునామా వాల్తేరే. మన రైల్వే స్టేషను కూడా 1987 దాకా వాల్తేరు స్టేషనే. అందుకని వాల్తేరు అని ఉన్నది పాతదయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువే గానీ రూఢి కాదు, అలవాటు కొద్దీ ఆ పేరు తర్వాతా రాసినవాళ్లున్నారు. వైద్య కళాశాలది ఏదైనా దొరికితే పేరు జాగ్రత్తగా చదవండి. 1923లో విజాగపటం వైద్య కళాశాలగా మొదలై, 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. పాత పేరుతో నిజమైన పింగాణీ ముక్క దొరికితే నాకు ఉత్తరం కాదు, ఫోను చేయాలి మీరు. యుద్ధకాలంలో, 1942 నుంచి 1946 దాకా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఆ నాలుగేళ్లలో ఏదో ఒక ఏడాది, దానితోపాటు వాల్తేరు చిరునామా ఉన్న జ్ఞాపికను ఎవరైనా చూపిస్తే రెండుసార్లు ఆలోచించండి.

తెలుగు అక్షరాలు మరో సాక్ష్యం. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చడం, రాకముందు డెకాల్‌కు తెలుగు మూలాన్ని ఒక చిత్రకారుడు చేత్తో రాసిచ్చేవాడు, లేదా సీసపు అచ్చుల్లోంచి తీసేవారు. కంప్యూటర్ ఫాంటులో ఒకే మాటలోని రెండు ‘వ’లు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేత్తో రాసినవాటిలో అవి అక్కాచెల్లెళ్లలా ఉంటాయే గానీ కవలల్లా ఉండవు. 1970ల నాటిదని చెప్పే కప్పు మీద మనం పెళ్లిపత్రికల్లో రోజూ చూసే కంప్యూటర్ అక్షరం కనిపిస్తే దణ్ణం పెట్టి బయటకు రండి.

ఇక చింతపండు. మీ అత్తగారి తప్పు పెద్దగా లేదు, ఆవిడ చేతికి తెలిసిన పద్ధతి అది. రాగి చెంబుకూ ఇత్తడి కుందికీ మంచి పద్ధతే. నిజం చెప్పాలంటే చింతపండు పులుపు బంగారాన్ని కరిగించలేదు. దాన్ని తీసేసింది ఆవిడ చేతి బలం! కప్పు అంచుకు వేసే బంగారం మన ఊహకు అందనంత పలుచన, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అదీ మెరుపు పూతకు పైన ఉంటుంది, లోపల కాదు. పీచుతో, పొడితో, ముగ్గుతో ఎంత మెత్తగా తోమినా అది నలుగుతుంది. అందుకే బంగారు గీత ఉన్నదాన్ని తోమడం అనే మాటే మరచిపోండి. పులుపు చేసే చెడు వేరే ఉంది. పూత మీద కాల్చిన ఎరుపు, పసుపు, నారింజ రంగులను అది నెమ్మదిగా తింటుంది. ఆ రంగుల్లో, వాటిని పట్టి ఉంచే గాజులో సీసం, కాడ్మియం ఉండేవి. అందుచేత ఈ కప్పుల్లో నిమ్మరసం, చారు వంటివి పోసుకుని తాగే సరదా పెట్టుకోకండి. కాఫీ కూడా వద్దంటాను. బంగారు గీత ఉన్నవి మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, అది మీకు తెలిసే ఉంటుంది.

మళ్లీ బంగారం వేయించవచ్చా అన్నారు. వేయించవచ్చు, కానీ వేయించకండి. నిజమైన బంగారం పట్టాలంటే మళ్లీ బట్టీలో పెట్టాలి. యాభై ఏళ్లు తేమ తాగిన కప్పు రెండోసారి కాల్పుకు తట్టుకుంటుందన్న నమ్మకం లేదు, పగిలితే మొదటికే మోసం. ఇక చేతిపనుల దుకాణంలో దొరికే బంగారు రంగు పూస్తే అది పెళ్లి మండపంలో థర్మకోల్ స్తంభంలా ఉంటుంది. గీత సగమే ఉండనివ్వండి. ఏ సంవత్సరం, ఎవరి చేతిలో, ఎలా పోయిందో రాసి పెట్టుకోండి. మీ పిల్లలకు ఆ కప్పులో తాతగారితో పాటు నానమ్మ కూడా దొరుకుతుంది, అదీ తోముతూ.

కడగవలసి వస్తే స్టీలు సింకులో వద్దు. ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి, ఒక్కోదాన్ని విడిగా మెత్తని గుడ్డతో కడగండి. కప్పును పిడి పట్టుకుని ఎత్తకండి, చెయ్యి కింద పెట్టి ఎత్తండి. పాత కప్పుల్లో ముందు ఓడిపోయేది పిడే. మెరుపు పూత మీద సాలెగూడులాంటి వెంట్రుక పగుళ్లు ఉన్నవాటిని అసలు నానబెట్టవద్దు. పైనున్న పూతా, లోపలి మట్టీ వేడికీ తేమకూ ఒకేలా పెరగవు, తగ్గవు. ఆ పోరులో వచ్చిన పగుళ్లు అవి. వాటిలో దిగిన టీ మరకలు చూసి బ్లీచింగు ద్రవం పోసినవాళ్లను నేనెరుగుదును. వారానికి తెల్లగా మెరుస్తుంది. తర్వాత లోపల చేరిన ఉప్పు గట్టిపడి పూతను పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. మరకను మరకలా ఉండనివ్వడమే మేలు.

సాసరు నెర్రె సంగతి. వేలి కణుపుతో మెల్లగా తట్టండి. గంటలా మోగితే నెర్రె పైపైనే. బొయ్ మని మూగగా పలికితే ఆ చివర నుంచి ఈ చివరకు దిగినట్టు. ఏదైనా సరే, అతికించవద్దు. విడిపోని నెర్రెలోకి జిగురు సరిగా దిగదు, పైన మాత్రం మరక కడుతుంది. ఇంట్లో వాడే రెండు ట్యూబుల జిగురు కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, తీయాలంటే ప్రాణం మీదికి వస్తుంది. మ్యూజియాల్లో పగిలినవాటిని అతికేవారు అసిటోనులో కరిగే అక్రిలిక్ జిగురు వాడేది అందుకే, కావాలంటే మళ్లీ ఊడదీయవచ్చు. మీ సాసరు ఇంకా ఒకే ముక్కగా ఉంది. దాన్ని గోడకు తగిలించకుండా, మీద కప్పు పెట్టకుండా పరుపు మీద పడుకోబెట్టినట్టు ఉంచండి.

సముద్రం గురించి మీకు నేను చెప్పాలా? పాండురంగాపురంలో కిటికీ ఊచల మీద నెలకోసారి పొరలు లేచే తుప్పును చూస్తూనే ఉంటారు. పింగాణీకి ఉప్పుగాలితో నేరుగా భయం తక్కువ, నిలబెట్టే సామానుకే భయం. గోడ పళ్లాలకు వాడే ఇనుప తీగల కొక్కేలు తుప్పు పట్టి అంచు మీద గోధుమరంగు మరక దించుతాయి. ఒకరోజు అర్ధరాత్రి తీగ తెగి పళ్లెం నేల మీదికి వస్తుంది. ఇత్తడివో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి, తగిలే చోట పలుచని రబ్బరు గొట్టం తొడగండి. పూత లేని మట్టి బొమ్మలు, పెన్నుల స్టాండ్లు మాత్రం వేరు. వాటిలోకి ఉప్పు తేమ దిగుతుంది. పైన తెల్లని బూజులా కనిపించేది బూజు కాదు, ఉప్పు. తడిగుడ్డ పెట్టకుండా కుంచెతో దులపండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డప్పుడు పెద వాల్తేరులోని మా ఇంట్లో తూర్పు కిటికీ చట్రంతో సహా లోపలికి వచ్చింది. దానికి ఎదురుగా గోడకు ముచ్చటగా తొమ్మిది పళ్లాలు తగిలించుకున్నాను. రెండు మిగిలాయి. అదే గదిలో కింది అరలో, మా ఆయన పాత పంచెల్లో చుట్టి పెట్టిన కప్పులకు చిన్న గీత కూడా పడలేదు. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. బీరువా సముద్రం వైపు గోడకు కాక లోపలి గోడకు, పైన రెండు చోట్ల గోడకు మరలతో బిగించి ఉంటుంది. బరువైనవి అడుగు అరలో. కప్పులు ఒకదానిలో ఒకటి దూర్చను, బోర్లించను కూడా. కప్పుకు అంచే బలహీనమైన చోటు, బంగారమూ అక్కడే ఉంది, దాని మీద బరువంతా మోపడం దేనికి? చుట్టడానికి వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. రంగు చీర కూడా వద్దు, తడిస్తే రంగు దిగుతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచెను మించినది లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అనే మాట వినగానే నేను ముందు పాల ప్యాకెట్లు తెప్పిస్తాను, తర్వాత కప్పులు చుడతాను.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. 41 వస్తువుల గురించి రాశారు గానీ, ఒక్క మీ నాన్నగారి కప్పుకు తప్ప మరి దేనికీ అది ఎవరిదో రాయలేదు. నాకు ఇది చింతపండు కంటే పెద్ద నష్టంగా కనిపిస్తోంది.

మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉండేవారు. కళాశాల వక్తృత్వ పోటీలో 1960ల చివర గెలిచిన పింగాణీ కప్పును ఆయన గడ్డం గీసుకునే సబ్బుకు వాడేవారు. వంపు తిరిగిన పిడి, మీద దీపం గుర్తు, లోపల ఎప్పుడూ నురుగు. అమ్ముతారా అని అడిగితే ‘నేను పోయాక తీసుకో అమ్మా’ అని నవ్వారు. నాకు ఆ రోజు బుద్ధి ఉండి, కప్పు ఫోటోలు తీసుకుని, ఆయన చెప్పినదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. పోటీ అంశం ఏమిటి, మొదటి బహుమతి ఎవరికి వచ్చింది (మొదటి బహుమతికి స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారట, అది రానందుకు వాళ్లమ్మగారు నెలరోజులు బాధపడ్డారట), కప్పులు ఎవరు కొనుక్కొచ్చారు, పేర్లు ఎవరు రాశారు. మూడేళ్లకు ఆయన పోయారు. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చారు. అబ్బాయి విదేశం నుంచి వచ్చి నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయించి వెళ్లాడు. పాపం, బాత్‌రూములోని నురుగు కప్పు ఏమిటో ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? కప్పు ఎటు పోయిందో నాకు తెలియదు. నా నోటుబుక్కులో మాత్రం మూడు పేజీలు ఉంది. ఎవరి పేరూ తెలియని నా ఇరవై కప్పుల కంటే, లేని ఆ కప్పునే నేను ఎక్కువసార్లు తీసి చూసుకుంటాను.

కాబట్టి కొత్తవి కొనడం ఆర్నెల్లు ఆపండి. ఉన్న 41కి ఒక్కో పేజీ పెట్టండి. పైభాగం, అడుగు, పగుళ్లు ఫోటోలు తీయండి. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో రాయండి. గుర్తు సంఖ్య వేయాలంటే జిగురు చీటీలు అంటించకండి, అడుగున పూత లేని అంచు మీద పెన్సిల్‌తో వేయండి. అమ్మినవాళ్ల ఫోను నంబరు ఉంటే చేసి, ఏ ఇంటి నుంచి వచ్చిందో అడగండి. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో, లాసన్స్ బే కాలనీలో పాత ఇళ్లు వరుసగా కూలుతున్నాయి, ఒక్కో అటక దిగినప్పుడు ఇలాంటివి పది బయటపడతాయి. పాత సామాన్లు కొనేవాళ్లకు వస్తువు ముఖ్యం, చిరునామా నెలరోజుల్లో మరచిపోతారు.

పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు బేరం మొదలుపెట్టకండి. కప్పు అడగడానికి ముందు కబురు అడగండి. చాలామంది కప్పు ఇవ్వరు, కథ ఇస్తారు, కాఫీ ఇస్తారు. ఇస్తానన్నా, పోయినాయన వస్తువును ఆయన భార్య చేతిలోంచి మొదటి రోజే తీసుకోకండి. వారం తర్వాత మళ్లీ అడిగి, అప్పటికీ సరే అంటే తీసుకోండి. హాస్టల్ మెస్సు పేరున్న కప్పులు ఎవరైనా ఇస్తే, అవి జ్ఞాపికలు కావు, కళాశాల సొత్తు! మన నాన్నల తరం వాటిని పెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నదని నాకూ తెలుసు, మా ఇంట్లోనూ ఒకటుంది. దాని పేజీలో ఆ మాటే రాసుకున్నాను.

మీవారికి జవాబు విషయానికొస్తే, ఆయన అడిగినది సబబే. 41 వస్తువుల్లో కళాశాల ఉత్సవంతో సంబంధం లేనివి ఉన్నట్టు ఫోటోల్లో చూశాను. ఆ ఓడ గుర్తున్న పళ్లెం ఉత్సవానిది కాదు, ఏదో సంస్థ ఇచ్చిన వీడ్కోలు కానుక. అలాంటివి ఇచ్చేయండి. విశాఖ కళాశాలలు, 1990 కంటే ముందువి, ఉత్సవం పేరు ఉన్నవి అని గిరి గీసుకోండి. ఒక్క బీరువా, అందులో పట్టినంత. యాష్‌ట్రేలు మాత్రం తీసేయకండి. వక్తృత్వ పోటీ గెలిచిన కుర్రాడికి సిగరెట్టు బూడిద దులుపుకునే పళ్లెం బహుమతిగా ఇచ్చిన కాలం ఒకటి ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

చట్టం భయం మీకు అక్కర్లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు, అంతకు మించి వయసున్న కళావస్తువులకు వర్తిస్తుంది, అలాంటివాటిని దేశం దాటించకూడదు. మీవి ఇంకా పిల్లలే. అయితే మన ఊరి ఏవీఎన్ కళాశాల 1878 నుంచి కళాశాలగా ఉంది. దాని తొలినాళ్లదంటూ ఏదైనా చేతికొస్తే అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపే ముందు పురావస్తు శాఖ వాళ్లను అడగండి.

విశ్వకళాపరిషత్తుకు నూరేళ్లు నిండిన సందర్భంగా ఎవరైనా కప్పులు, మగ్గులు చేయిస్తే ఒక్కొక్కటి ఇప్పుడే తీసి పెట్టండి, స్టూడియో మగ్గులైనా సరే. ఇవాళ వాటికి వెల లేదు, వాటి గురించి చెప్పగల మనుషులందరూ మన మధ్యే ఉన్నారు.

1974లో మీ నాన్నగారితో ఆ హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఆయన పాత ఫోను డైరీ వెతకండి. ఈ ఆదివారమే ఒకరికైనా ఫోను చేసి, ఆ ఏడు హాస్టల్ డేకి కప్పులు ఎవరు తెచ్చారో, అందరికీ ఇచ్చారా, గెలిచినవాళ్లకేనా అడగండి. మీ నాన్నగారు ఏదైనా గెలిచారేమో, మీకు చెప్పలేదేమో.

వచ్చే ఉత్తరంలో ఆ కప్పు అడుగు ఫోటో పంపండి. పైభాగం నేను చూశాను.